దక్షిణామూర్తి గారి స్పానిషు

ఎర్రయ్య స్వామి ఆశ్రమానికి స్పెయిన్ దేశం నుంచి ఉత్తరం వచ్చిన రోజున దక్షిణామూర్తి అన్నం సగంలో వదిలి లేచిపోయాడు. దిగులుతో కాదు, సంతోషంతో.

ఆ ఆశ్రమం భీమిలికి ఉత్తరాన, నీలాలపేట దాటాక, సరుగుడు తోట మధ్యలో ఉంది. నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒక నుయ్యి. సముద్రం ఎంత దగ్గరంటే ఆరేసిన పంచె ఎప్పుడూ పూర్తిగా ఆరదు. స్వామి పూర్వాశ్రమంలో ఓడల మీద వంటవాడు. కాషాయం కట్టాక కూడా గరిటె వదల్లేదు. ఎవరైనా వచ్చి జీవితం గురించి అడిగితే "ముందు తిను" అనేవాడు. తిన్నాక చాలామందికి తాము అడగాల్సింది గుర్తుండేది కాదు.

దక్షిణామూర్తి విజయనగరంలో తొమ్మిదేళ్లు ఇంగ్లీషు లెక్చరరుగా చేసి, ఉద్యోగం వదిలేసి స్వామి దగ్గర చేరినవాడు. స్వామి ఆయన్ని ఇప్పటికీ "మేస్టారూ" అనే పిలుస్తాడు. స్వామి నోట ఏ మాట వచ్చినా దక్షిణామూర్తి రాసుకునేవాడు. రాసుకున్నది ఇంగ్లీషులోకి తిప్పేవాడు. ఒకసారి స్వామి "తలుపేసి రా మేస్టారూ, కుక్క ఒస్తంది" అన్నాడు. దక్షిణామూర్తి కాగితం మీద అది "నీలోని ద్వారం మూసుకో, కోరిక అనే శునకం ముంగిట్లోనే ఉంది" అనే అర్థం వచ్చే గంభీరమైన ఇంగ్లీషు వాక్యమైంది. రాసుకునే హడావుడిలో తలుపు మాత్రం వెయ్యలేదు. కుక్క వచ్చి పెరుగు తాగిపోయింది.

అలాంటివి అరవై పోగయ్యాక ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఒక ప్రతి ఎవరో టూరిస్టు సంచీలో పడి, ఎన్ని చేతులు మారిందో గానీ, స్పెయిన్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరు చేరింది. అక్కడి నుంచే ఈ ఉత్తరం. రాయించింది కసిల్దా అనే పెద్దావిడ. ఇంగ్లీషులో రాసింది ఆవిడ మనవరాలు.

"మీ పుస్తకంలో ఒక వాక్యం గురించి మా నాయనమ్మ స్వామివారిని స్వయంగా అడగాలంటోంది. ఐదుగురు వస్తున్నారు. నాకు రావడానికి వీలుకాదు, వచ్చేవాళ్లెవరికీ ఇంగ్లీషు రాదు" అని ఉంది అందులో. ఏ వాక్యమో రాయలేదు.

"అయితే ఆళ్లతో మాటాడీదెవలు?" అన్నాడు స్వామి, బెండకాయలు తరుగుతూ.

"నేనే స్వామీ. స్పానిషు నేర్చుకుంటాను. మూడు నెలల టైముంది."

"మూడు నెలల్లో ఒస్తాదేటి?"

"ఇంగ్లీషు వచ్చినవాడికి ముప్పాతిక స్పానిషు వచ్చినట్టే స్వామీ. రెండూ చుట్టాలు. నేషన్ ఉందనుకోండి, నాసియోన్. యానిమల్ ఉంది, అనిమాల్. మొహం చూడగానే పోలిక తెలిసిపోతుంది. పోలిక లేని మాటలకే డిక్షనరీ కావాలి."

"పోలికుంటే సుట్టమేనా?"

"అంతే కదా స్వామీ."

స్వామి ఇంకో బెండకాయ అందుకున్నాడు.

ఆ మూడు నెలలూ దక్షిణామూర్తి ఒక లావుపాటి నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు స్పానిషు రాసుకుంటూ పోయాడు. పోలిక ఉన్నవాటికి ఎర్ర సిరా, లేనివాటికి నీలం సిరా. నీలం మాటలు కష్టపడి బట్టీపట్టాడు. ఎర్ర మాటలకి అర్థం వెతకాల్సిన అవసరమే కనపడలేదు. అవి ఇంగ్లీషు పిల్లలే, వేషం మార్చుకున్నాయంతే. వెయ్యిన్నూట ఎనభై మాటలయ్యాయి. నోటుబుక్కు చంకలో లేకుండా నూతి దగ్గరికి కూడా వెళ్లేవాడు కాదు.

అతిథులు వచ్చేశారు.

కసిల్దా సన్నగా, నిటారుగా ఉంది. నల్ల గౌను, నెరిసిన జుట్టు, ఎవరినీ తొందరపెట్టని చూపు. పక్కన ఆవిడ మరిది ఫెర్మిన్. ఎత్తయిన మనిషి, పెద్ద చెవులు, చేతిలో టోపీ. మిగతా ముగ్గురూ వాళ్ల ఊరివాళ్లే, దేశం చూసినట్టూ ఉంటుందని తోడు వచ్చారు.

దక్షిణామూర్తి స్వాగతం పలకడానికి లేచాడు. వాళ్ల కోసం చెప్పిన కొబ్బరిబొండాల మనిషి ఇంకా రాలేదు. ఇంత దూరం నుంచి వచ్చినవాళ్లకి గొంతు తడుపుకోవడానికైనా ఏమీ ఇవ్వలేకపోయానని ఆయనకి నిజంగానే సిగ్గుగా ఉంది. ఆ సంగతే చెప్పుకుందామనుకున్నాడు. ఎంబరాస్ అనే మాట ఎర్ర సిరాలోది.

"ఎస్తోయ్ ముయ్ ఎంబరసాదో" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఐదుగురూ ఆయన పొట్ట వైపు చూశారు. ఆశ్రమం భోజనానికి అది కొంచెం ముందుకే ఉంటుంది.

ఫెర్మిన్ వంగి మర్యాదగా అడిగాడు. "దె క్వాంతోస్ మేసెస్?"

క్వాంతోస్ అంటే ఎన్ని, మేసెస్ అంటే నెలలు. నీలం సిరా మాటలు, గట్టిగా వచ్చు. ఎన్ని నెలలుగా స్పానిషు నేర్చుకుంటున్నారని అడుగుతున్నాడు!

"త్రేస్ మేసెస్!" అన్నాడు దక్షిణామూర్తి మూడు వేళ్లు చూపించి. అంతా తన గొప్పే అనుకుంటారేమోనని వినయంగా స్వామి వైపు తిరిగి నమస్కారం పెట్టి, "గ్రాసియాస్ ఆ మి మాయెస్త్రో" అని కూడా చేర్చాడు. అంతా మా గురువుగారి దయ, అని.

ఫెర్మిన్ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. ముగ్గురు ఊరివాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. కసిల్దా కూడా పెదవి బిగించి పక్కకి తిరిగింది. స్వామి తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మొదటి ప్రసంగమే ఇంత రక్తికడుతుందని దక్షిణామూర్తి అనుకోలేదు. ఆ సాయంత్రం ఆయన వాళ్ల పెట్టె ఎత్తబోతే ఫెర్మిన్ పరుగున వచ్చి లాక్కున్నాడు. భోజనాల దగ్గర వాళ్లలో ఒకావిడ ఆయన వీపు వెనక దిండు పెట్టింది. "ఎంత సంస్కారం స్వామీ ఈ దేశంవాళ్లది!" అన్నాడు దక్షిణామూర్తి.

"ఊఁ" అన్నాడు స్వామి.

మర్నాడు కసిల్దా వచ్చి, చాకలికి వేసినవి తిరిగి రాలేదని కాబోలు, ఏదో అడిగింది. అందులో "మి రోపా" అనే మాట ఒక్కటి ఆయనకి దొరికింది. రోపు! నూతి దగ్గర చేంతాడు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ తాడు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తాడు తిరిగి ఇచ్చేసి, నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "రోపా లింపియా" అంది.

లింపియా నీలం మాట. శుభ్రమైనది అని అర్థం. నిజమే మరి, చేంతాడు నాచుపట్టి ఉంది. దక్షిణామూర్తి ఆ మధ్యాహ్నమంతా కూర్చుని తాడుని కుంకుడురసంతో మూడుసార్లు ఉతికి, ఎండబెట్టి, చుట్టచుట్టి, పళ్లెంలో పెట్టి పట్టుకెళ్లాడు. కసిల్దా రెండు చేతులా అందుకుని తల వంచింది. ఆవిడకి ఇదేదో ఇక్కడి ఆచారం అనిపించినట్టుంది. రెండు రోజులు అదే గౌనులో తిరిగింది.

మూడో నాడు పొద్దున్నే ముగ్గురు ఊరివాళ్లూ భీమిలి చూడ్డానికి వెళ్లారు. ఫెర్మిన్ సముద్రంలో స్నానంచేసి వచ్చి తుమ్మడం మొదలుపెట్టాడు. ముక్కు ఎర్రగా కందిపోయింది. దక్షిణామూర్తిని చూసి, చేతిరుమాలు ఊపుతూ, "ఎస్తోయ్ కోన్‌స్తిపాదో" అన్నాడు.

దక్షిణామూర్తికి చాలా జాలి వేసింది. పాపం, పరాయి దేశం, పరాయి తిండి, కడుపు బిగుసుకుపోకుండా ఎలా ఉంటుంది? మరి ఈ తుమ్ములు? లోపల ఒత్తిడి ఎక్కువైతే ఎక్కడినుంచో అక్కడినుంచి బయటికి రావాలి కదా అనుకున్నాడు. లోపలికి వెళ్లి రెండు గరిటెల ఆముదం వేడినీళ్లలో కలిపి తెచ్చాడు.

ఫెర్మిన్ వాసన చూశాడు. వెనక్కి జరిగాడు. కానీ భారతదేశపు వైద్యం గురించి ఎంతో విని ఉన్నవాడు. కళ్లు మూసుకుని మొత్తం తాగేశాడు.

పది గంటలకల్లా ఏడుసార్లు సరుగుడు తోట అవతలికి పరిగెత్తాడు. ఎనిమిదోసారి వెళ్లినవాడు తిరిగి రావడం మానేసి, అక్కడే ఒక చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పరిగెత్తుతూ కూడా తుమ్ముతూనే ఉన్నాడు, అదీ ఘోరం. కసిల్దా నడుం మీద చేతులు పెట్టుకుని దక్షిణామూర్తిని స్పానిషులో ఏదో గట్టిగా అడుగుతోంది. ఒక్క మాటకీ ఇంగ్లీషు పోలిక లేదు.

అప్పుడు స్వామి వంటింట్లోంచి బయటికి వచ్చాడు. చేతిలో అల్లం, మిరియాలు వేసి కాచిన కషాయం. తిన్నగా ఫెర్మిన్ దగ్గరికి వెళ్లి, గ్లాసు అందించి, స్పానిషులో మాట్లాడాడు.

మాట్లాడటం అంటే ఏదో ఒక మాటా రెండు మాటలా కాదు. గలగలా మాట్లాడాడు. భుజం తట్టి, చెయ్యి తిప్పి, మధ్యలో ఏదో బూతులాంటిది కూడా అన్నట్టున్నాడు. అంత నీరసంలోనూ ఫెర్మిన్ పళ్లు బయటపెట్టి నవ్వాడు. కసిల్దా నడుం మీంచి చేతులు తీసేసింది.

దక్షిణామూర్తి చంకలోంచి నోటుబుక్కు జారి ఇసకలో పడింది.

దాన్ని ఏరుకుని, వంటింటి గుమ్మంలో స్వామిని పట్టుకున్నాడు. "స్వామీ, మీకు స్పానిషు వచ్చా?"

"ఓడ మీద ఆరేళ్లు ఆళ్లకి ఒండిపెట్టేను. వంటింటి మాట వొచ్చు."

"మరి నాతో ఒక్కసారైనా చెప్పలేదే!"

"నువ్వు అడగనేదు కదా."

స్వామి పొయ్యి ముందు కూర్చుని ఎసరు పడేశాడు. దక్షిణామూర్తి నిలబడే ఉన్నాడు. భయంభయంగా అడిగాడు. "కోన్‌స్తిపాదో అంటే?"

"జలుబు."

"రోపా?"

"బట్టలు."

దక్షిణామూర్తి గోడకి ఆనుకున్నాడు. ఇంకొకటి మిగిలి ఉంది. అడక్కపోతే బాగుండుననిపించింది. అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఎంబరసాదో అంటే సిగ్గుపడటమే కదా స్వామీ?"

"కడుపుతో ఉండటం" అన్నాడు స్వామి బియ్యం కడుగుతూ. "ఎన్నో నెలని అడిగితే మూడో నెలన్నావు."

దక్షిణామూర్తికి మిగతాది వద్దన్నా గుర్తొచ్చింది. గురువుగారి దయ. నమస్కారంతో సహా.

ఆయన పీట మీద కూలబడి చాలాసేపు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నేను వెళ్లిపోతాను స్వామీ. మళ్లీ విజయనగరం పోయి పిల్లలకి గ్రామరు చెప్పుకుంటాను."

"ఎల్లు" అన్నాడు స్వామి. "అన్నం తిని ఎల్లు."

అప్పుడు కసిల్దా గుమ్మంలోకి వచ్చింది.

చేతిలో ఆ చిన్న పుస్తకం ఉంది. అంచులు నలిగి, అట్ట ఊడి, తీసి తీసి ఒకే పేజీ దగ్గర దానంతటదే తెరుచుకునేలా ఉంది. ఆవిడ దాన్ని స్వామికి చాపింది. స్వామి చూడలేదు. పొయ్యిలో కర్ర ఎగదోస్తూ, "మేస్టారూ, ఏటడుగుతందో సూడు" అన్నాడు.

"మీకు వచ్చు కదా స్వామీ! నా మాట ఇంకా ఎవరు నమ్ముతారు?"

"పుస్తకం నీదే కదా."

దక్షిణామూర్తి పుస్తకం అందుకున్నాడు. నలభై ఒకటో వాక్యం. తనకి చాలా ఇష్టమైన వాక్యం. ఇంగ్లీషులో మూడు ముక్కలుగా, మూడు మెట్లలాగా కట్టాడు. ఎక్స్‌పెక్ట్ చెయ్యకు. హోప్ చెయ్యకు. వెయిట్ చెయ్యి. ఆ మూడు మాటల తేడా మీద విజయనగరంలో ఒకప్పుడు పూర్తిగా గంటసేపు పాఠం చెప్పిన మనిషి ఆయన.

దాని కింద మనవరాలు పెన్సిలుతో స్పానిషు రాసింది.

"నో ఎస్పేరెస్. నో ఎస్పేరెస్. ఎస్పేరా."

ఆయన రెండుసార్లు చదివాడు. మూడు చోట్లా ఒకటే మాట. గబగబా నోటుబుక్కు తీశాడు. వెయిట్ అనే మాట ఒక పేజీలో ఉంది, ఎదురుగా ఎస్పెరార్. హోప్ ఇంకో పేజీలో ఉంది, ఎదురుగా ఎస్పెరార్. ఎక్స్‌పెక్ట్ మరెక్కడో ఉంది. అక్కడా అదే. మూడూ తన చేత్తో, నీలం సిరాతో రాసినవే. మూడూ ఒక్కచోట చేర్చి చూడటం ఎప్పుడూ తోచలేదు.

కసిల్దా వేలితో మొదటి మాట చూపించింది. వద్దు, అన్నట్టు తల అడ్డంగా ఊపింది. రెండోది చూపించింది. వద్దు. మూడోది చూపించి, రెండు చేతులూ తెరిచింది. రెండుసార్లు వద్దన్నదే మళ్లీ చెయ్యమంటోంది ఈ వాక్యం, ఇదేమిటి?

ఆయన నోటుబుక్కులో ఇంకేదైనా మాట ఉందేమోనని పేజీలు తిప్పుతుంటే, పొయ్యి మీద అన్నం పొంగింది.

"మసిగుడ్డేదీ?" అన్నాడు స్వామి. మసిగుడ్డ కనపడలేదు. చెయ్యి చాపి దక్షిణామూర్తి చేతిలోని నోటుబుక్కు తీసుకుని, ఒక పక్క అది, రెండో పక్క భుజం మీది తుండు పెట్టి, గిన్నె దించి గంజి వార్చాడు. వేడి గంజి నోటుబుక్కు మీంచి కారింది. ఎర్ర సిరా, నీలం సిరా కలిసిపోయి ఒకటే రంగులోకి వచ్చాయి.

కసిల్దా పీట లాక్కుని దక్షిణామూర్తి ఎదురుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.

ఇక పేజీలు తిప్పడానికేమీ లేదు. ఆయన ఆవిడ మొహమే చూస్తూ విన్నాడు. 'మార్' అంది. సముద్రం. 'మారిదో' అంది. భర్త. పేరు ఆన్సెల్మో. చెయ్యి చాపి దూరంగా పడవ వెళ్తున్నట్టు చూపించింది. 'ఓన్సే' అంది. ఇంగ్లీషులో వన్స్ అని రాస్తే ఉండే అక్షరాలే. ఒకసారి అని ఎర్ర సిరాతో రాసుకున్నాడు. ఒకసారి ఏమిటి? అర్థం కాలేదని తల ఊపాడు. ఆవిడ పది వేళ్లూ చూపించి, అవి మూసి, మళ్లీ ఒక వేలు చూపించింది.

పదకొండు. పదకొండేళ్లు.

పడవ దొరకలేదు. మనిషీ దొరకలేదు. ఆవిడ గాలిలో ఒక బల్ల గీసింది. చుట్టూ కుర్చీలు గీసింది. ఒక కుర్చీ ముందు కంచం పెట్టింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. రోజూ కంచం పెడుతుంది, రోజూ తీస్తుంది. ఫెర్మిన్ పేరు చెప్పి, శిలువ గుర్తు వేసుకుని, రాయి మీద పేరు చెక్కుతున్నట్టు చూపించింది. అన్నగారికి చర్చిలో ప్రార్థన చేయించేద్దాం, శ్మశానంలో రాయి వేయిద్దాం అని మరిది ఏటేటా అడుగుతున్నాడు. ఏటేటా ఆవిడ వద్దంటోంది. చివరికి, ఈ పుస్తకం రాసినవాళ్లని అడుగుతాను, వాళ్లు ఏది చెప్తే అది చేస్తాను, అని మాట ఇచ్చింది. అందుకే ఇద్దరూ ఇంత దూరం వచ్చారు.

ఆవిడ మళ్లీ పేజీ మీద వేలు పెట్టింది. ఏది? అంది కళ్లతో.

ఆ వాక్యం పుట్టిన రోజు దక్షిణామూర్తి కళ్లముందుకు వచ్చింది.

ఏకాదశి ఉపవాసం మర్నాడు. ఆకలికి తాళలేక తాను ఇదే వంటింటికి నాలుగుసార్లు వచ్చి తొంగిచూశాడు. నాలుగోసారికి స్వామి, "ఆశపడకు, ఆత్రపడకు, కూకో" అన్నాడు. అన్నం ఇంకా ఉడకలేదు. అంతే సంగతి. తాను తిన్నాక గదిలోకి పోయి దాన్ని ఇంగ్లీషులో మూడు మెట్లు కట్టాడు.

స్వామి వైపు చూశాడు. చెప్పొద్దనీ లేదు, చెప్పమనీ లేదు ఆయన మొహంలో. పప్పుచారులో పోపు పెడుతున్నాడు.

అబద్ధం చెప్పడానికి స్పానిషు చాలదు. ఆ సంగతి దక్షిణామూర్తికి అప్పుడే తెలిసింది. పుస్తకంలో పేజీ చూపించాడు. గిన్నె చూపించాడు.

"అర్రోస్" అన్నాడు. అన్నం.

కసిల్దాకి అర్థం కాలేదు.

"ఎస్తో... అర్రోస్. సోలో అర్రోస్." ఇది అన్నం గురించి. ఒట్టి అన్నం గురించే. తన పొట్ట చూపించుకున్నాడు, ఆకలి అన్నట్టు నొక్కుకున్నాడు. గుమ్మంలో నిలబడి తొంగిచూస్తున్నట్టు అభినయించాడు, నాలుగుసార్లు. స్వామి వైపు తిరిగి, ఆయన చెయ్యి ఊపినట్టే చెయ్యి ఊపి, "ఎస్పేరా" అన్నాడు. చివరికి రెండు చేతులూ జోడించి ఆవిడ ముందు తల వంచాడు. అసలైన సిగ్గుకి స్పానిషు మాట ఏదో ఆయనకి తెలీదు.

కసిల్దా గిన్నె వైపు చూసింది. స్వామి వైపు చూసింది. స్వామి అవునన్నట్టు తల ఊపి, "అర్రోస్" అన్నాడు.

ఆవిడ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎనిమిది వేల కిలోమీటర్లకు పైగా. రెండు విమానాలు, ఒక రైలు, ఒక జీపు. ఏడుస్తుందనుకున్నాడు దక్షిణామూర్తి. ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. ముక్కుతో ఒకసారి పెద్దగా ఊపిరి వదిలి పుస్తకం మూసి పక్కన పెట్టింది.

స్వామి విస్తళ్లు పరిచాడు. ఒకటి ఆవిడకి, ఒకటి దక్షిణామూర్తికి, ఒకటి తనకి. ఇంకొకటి తీసి నీళ్లు చల్లి దులిపి, ఆవిడ పక్కన పరిచాడు.

"ముగ్గురమే కదా స్వామీ" అన్నాడు దక్షిణామూర్తి.

స్వామి నాలుగు విస్తళ్లలోనూ అన్నం పెట్టాడు, పప్పుచారు పోశాడు, అప్పడం పెట్టాడు. నాలుగో దాంట్లో ఏమీ తక్కువ చెయ్యలేదు.

కసిల్దా ఆ నాలుగో విస్తరి వైపు చూస్తూ ఉండిపోయింది. అన్నంలోంచి ఆవిరి లేస్తోంది. ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టలేదు.

అప్పుడు పోపు వాసన పట్టుకుని ఫెర్మిన్ వచ్చాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. మొహం పాలిపోయింది, కళ్లు లోపలికి పోయాయి, లోపల ఏమీ మిగల్లేదని నడకే చెబుతోంది. ఆశగా విస్తళ్లు లెక్కపెట్టాడు. నాలుగోది తనకే అనుకుని సంతోషంగా ఒక అడుగు లోపలికి వేశాడు. వదిన పక్కన ఎవరూ లేని ఆ చోటు సరిగ్గా చూశాక ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. టోపీ చేతుల్లో నలుపుతూ అక్కడే నిలబడ్డాడు.

కసిల్దా తలెత్తి మరిదిని చూసింది. చాలాసేపు చూసింది. పదకొండేళ్లలో, రాయి వేయిద్దామని ఏటేటా అడిగే ఆ మనిషి మొహం నేరుగా చూడటానికి ఆవిడకి ధైర్యం చాలలేదని ఆ చూపులోనే దక్షిణామూర్తికి తెలిసిపోయింది.

ఆవిడ విస్తరి పక్కన నేల మీద అరచేత్తో తట్టింది.

"సియెంతాతె, ఫెర్మిన్" అంది. కూర్చో.

ఫెర్మిన్ కదల్లేదు. ఆవిడ ఈసారి కొంచెం కోపంగా, చల్లారిపోతోందన్నట్టు విస్తరి మీద చెయ్యి ఆడించింది. అతను వచ్చి, మోకాళ్లు మడవడం చేతకాక ఒక పక్కకి ఒరిగి, కూర్చున్నాడు. టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. చేత్తో తినడం కూడా రాదు. మొదటి ముద్ద సగం చొక్కా మీద పడింది. కసిల్దా తన చేత్తో కలిపి చూపించింది. అతను తలొంచుకుని తిన్నాడు. కన్నీళ్లు చారులో పడుతున్నాయి, ముక్కు కారుతోంది. జలుబుకో మరి దేనికో, ఎవరూ అడగలేదు. ఆవిడ కూడా తినడం మొదలుపెట్టింది.

దక్షిణామూర్తి తన విస్తరి ముట్టుకోలేదు. తడిసిన నోటుబుక్కు పొయ్యి గట్టు మీద ఆవిర్లు కక్కుతోంది. ఆయన స్వామి చెవి దగ్గరికి వంగాడు.

"స్వామీ, పుస్తకం మళ్లీ వేయిస్తే, ఆ నలభై ఒకటోది స్పానిషులో ఏమని పెట్టాలి?"

ఫెర్మిన్ విస్తరి అప్పటికే ఖాళీ అయిపోయింది. స్వామి గరిటె తీసి దక్షిణామూర్తి చేతిలో పెట్టాడు.

"ముందు ఆయనకి అన్నం ఎట్టు."